దవడ కింద రెండు చేతులు

1889 చలికాలం. హైదరాబాద్‌లో కొందరు డాక్టర్లు ఒకే ప్రశ్న ముందేసుకుని కూర్చున్నారు. క్లోరోఫాం పీల్చిన మనిషి ప్రాణం పోయేటప్పుడు ముందు ఆగేది గుండెనా, ఊపిరా? వందల జంతువుల మీద ప్రయోగాలు చేశారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక తన తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుణ్ని ఓడెక్కించి పంపింది. ఖర్చులకు వెయ్యి పౌండ్లు ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ప్రపంచ వైద్య చరిత్రలో దీనికి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ అని పేరు. అంతకుముందు ఏడాదే మొదటి కమిషన్ తేల్చిన విషయాన్ని లండన్ నమ్మలేదు కాబట్టి ఇది రెండోది.

అప్పట్లో మన న్యాల్‌కల్ కూడా ఆ నిజాం రాజ్యంలోదే, బీదర్ వైపు ఊరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన చట్టం బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ అని పేరు రాసి మరీ తెలుగు రాష్ట్రంలో కలిపింది. ఆ పాత రాజ్యపు సొమ్ముతో జరిగిన ఈ కథ మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కమిషన్ వెనకున్న మనిషి ఎడ్వర్డ్ లారీ. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ వైద్య పాఠశాల పెద్ద. ఎడిన్‌బరోలో చదివినవాడు. నాడి వదిలెయ్, ఊపిరి చూడు అన్నది ఆయన గురువుల మాట. నాడి పట్టుకునే ఉండాలన్నది లండన్ వాళ్ల మాట. ఈ పట్టుదలల వెనక చావులున్నాయి. 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో కాలి గోరు తీయించుకోవడానికి పడుకున్న పదిహేనేళ్ల పిల్ల హన్నా గ్రీనర్ క్లోరోఫాం పీల్చిన కొన్ని నిమిషాల్లోనే కన్నుమూసింది. ఎందుకు పోయిందో నలభై ఏళ్లయినా డాక్టర్లు తేల్చుకోలేకపోయారు.

హైదరాబాద్ ఇచ్చిన తీర్పు: ముందు ఆగేది ఊపిరే. ఆ తీర్పు సగమే నిలిచింది. క్లోరోఫాం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపగలదని 1911లో లండన్‌లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. అయితే కమిషన్ నివేదికలో ఇంకో మాట ఉంది. రోగి మెడ దగ్గర, ఛాతీ దగ్గర, పొట్ట దగ్గర బట్టలు బిగుతుగా ఉండకూడదు. ఊపిరి ఇబ్బందిపడితే కింది దవడను వెనక మూలల దగ్గర పట్టి, కింది పళ్లు పై పళ్ల కన్నా ముందుకొచ్చేలా తోయాలి.

ఇది ఎందుకంటే, మత్తులో కండరాలన్నీ వదులైపోతాయి. నాలుక వెనక్కి జారి ఊపిరి దారికి అడ్డం పడుతుంది. దవడ ముందుకొస్తే దాంతోపాటు నాలుకా లేస్తుంది, దారి తెరుచుకుంటుంది. ట్యూబులు ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో ఆపరేషన్ బల్ల దగ్గర ఊపిరిని కాపాడింది ఆ రెండు చేతులే. ఈ రోజుకీ మత్తు డాక్టరు చేసే మొదటి పనుల్లో అదొకటి. లారీ దగ్గర చదువుకుని అలా క్లోరోఫాం ఇచ్చినవాళ్లలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఉంది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. ఆమె పేరు మన బడి పుస్తకాల్లో ఉండాలి.

నోటి నుంచి ఊపిరి గొట్టంలోకి ట్యూబు వేసే పద్ధతి అప్పటికే పుట్టింది. 1878లో గ్లాస్గోలో మెకీవెన్ అనే సర్జన్, నాలుక మొదట్లో క్యాన్సర్ గడ్డ ఉన్న రోగికి క్లోరోఫాం ఇవ్వకముందే వేళ్లతో తడుముతూ లోహపు గొట్టం దించాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ముఖాలు ఛిద్రమైన సైనికులకు మత్తిస్తూ మాగిల్, రోబోథాం అనే మత్తు డాక్టర్లు రబ్బరు ట్యూబుతో ఆ పని చేశారు. 1943లో నాలుకను పైకెత్తి పట్టే మాకింటోష్ వంపు బ్లేడు వచ్చాక కంటితో చూస్తూ వేయడం సులువైంది.

అసలు గొంతు లోపల మొదట చూసినవాళ్లలో పేరు పొందింది డాక్టరు కాదు, పాటల మాస్టారు. 1854లో మాన్యువల్ గార్సియా పళ్ల డాక్టర్ల చిన్న అద్దం నోట్లో పెట్టి, మరో అద్దంతో ఎండను మళ్లించి, తన స్వరతంత్రులు కదలడం తానే చూసుకున్నాడు. ఆ సంగతి తెలిస్తే ట్యూబు ఎక్కడి నుంచి వెళుతుందో గుర్తుపెట్టుకోవడం తేలిక. సరిగ్గా ఆ రెండు తంత్రుల మధ్య నుంచే.

ఒక డాక్టరు మిత్రుడు ఆ ట్యూబు నా చేతిలో పెట్టాడు. చిటికెన వేలంత లావు, మెత్తటి ప్లాస్టిక్, కొంచెం వంపు. చివర్లో చిన్న బుడగ. సిరంజితో గాలి నింపితే బుడగ ఉబ్బి ట్యూబు చుట్టూ ఉన్న ఖాళీని మూస్తుంది, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపుతుంది. గాలి ఎక్కువైతే అదే బుడగ లోపలి పొరను నొక్కుతుంది. అందుకే పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంచాలంటారు. ట్యూబు లావుగా ఉన్నా, వేసేటప్పుడు రాసుకున్నా గొంతు బొంగురుపోతుంది. ఎక్కువ మందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. అరుదుగా తంత్రి దెబ్బతిని నెలలు పడుతుంది.

తంత్రులను దాటకుండా వాటి పైనే కూర్చునే మాస్కును 1981లో ఇంగ్లండ్‌లో ఆర్చీ బ్రెయిన్ అనే మత్తు డాక్టరు ప్రయోగించి చూశాడు. 1988 నుంచి అమ్మకానికి వచ్చింది. గొంతు మీద భారం తక్కువ. కానీ కడుపు నిండుగా ఉన్నవాళ్లకు, కొన్ని ఆపరేషన్లకు అది పనికిరాదు. ఏది వేయాలన్నది మత్తు డాక్టరు నిర్ణయం. ప్రాణం ముందు, గొంతు తర్వాత. అందులో నాకు రెండో మాట లేదు.

కానీ గొంతే బతుకుతెరువైనవాళ్లు మన దగ్గర తక్కువా? న్యాల్‌కల్ పక్కనే ఝరాసంగం మండలం మాచునూరులో 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో నడుస్తోంది. నడిపేది దళిత మహిళలే. విత్తనాల ముచ్చట్లు, నాట్ల పాటలు వాళ్ల గొంతులోంచే వస్తాయి. బళ్లో పంతులమ్మ, బండి మీద కూరగాయలు అరిచి అమ్మే మనిషి, భజన పాడే తాత, అజాఁ ఇచ్చే మౌజన్ సాబ్, వీళ్లందరికీ గొంతు బొంగురుపోవడం చిన్న సంగతి కాదు.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వచ్చి షుగరు, బీపీ, కట్టుడు పళ్ల గురించి అడుగుతారు. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పండి: నా పని గొంతుతో, సార్. పాత ఆపరేషన్ తర్వాత గొంతు పోయి ఉంటే అదీ చెప్పండి. దవాఖాన నుంచి వచ్చాక నాలుగు రోజులు కేకలు వద్దు, గుసగుసలూ వద్దు, అదేపనిగా గొంతు సవరించుకోవద్దు. నీళ్లు తాగుతూ ఉండండి. రెండు వారాలైనా గొంతు తేరుకోకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడకపోయినా, నీళ్లు తాగితే పొలమారుతున్నా మాత్రం ఆ రోజే దవాఖానకు వెళ్లండి.