బూడిద పూత కింద డేవ్ పద్యాలు

ఆవకాయ జాడీ మీద గాజులా మెరిసే పూత ఉంటుంది కదా, కుండల స్టూడియోల్లో దాన్ని గ్లేజు అంటారు. కట్టెల బూడిద జల్లించి, మట్టి, ఇసుక పొడి చేర్చి, నీళ్లతో కలిపినా ఒక రకం గ్లేజు వస్తుంది. ఇప్పుడది కళ. అమెరికాలో మాత్రం దాన్ని ఎవరి చేతులు కలిపాయో చెప్పుకోవాలి మిత్రులారా.

దక్షిణ కరోలినాలో ఎడ్జ్‌ఫీల్డ్ జిల్లా. 19వ శతాబ్దం మొదట్లోనే అక్కడ ఈ పూత జాడీలు మొదలయ్యాయి. సీసం పూత విషం. బూడిద, సున్నం, మట్టి, ఇసుక మాత్రం చుట్టుపక్కలే దొరుకుతాయి. బూడిదలోని క్షారాలు ఇసుకను తొందరగా కరిగిస్తాయి. దాదాపు 1,250 డిగ్రీల దగ్గర అదంతా ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో గాజై జారుతుంది. మట్టి తవ్వి, కట్టెలు కొట్టి, బట్టీ కాల్చినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి బానిసలు. కార్ఖానాల పేర్లు యజమానులవి.

ఆ బానిసల్లో ఒకడు డేవ్. విముక్తి తర్వాత డేవిడ్ డ్రేక్. పచ్చి జాడీ మీద తన పేరు, తేదీ, కొన్నిటి మీద రెండు పాదాల పద్యం గీసేవాడు. మనకు దొరికిన తొలి పద్యం తేదీ 1834 జూలై 12. అదే ఏడాది డిసెంబరులో ఆ రాష్ట్రం బానిసలకు చదువు చెప్పడాన్ని నేరం చేసింది. చెప్పింది తెల్లవాడైతే 100 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. చెప్పింది బానిసైతే 50 కొరడా దెబ్బల దాకా. (నేరం ఒకటే, శిక్ష పుట్టుకను బట్టి. మనకు ఎక్కడో విన్నట్టుంది కదా!) ఆ చట్టం వచ్చాక కూడా డేవ్ జాడీల మీద రాశాడు.

సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను కాబట్టి నా కన్ను ఇక్కడ ఆగింది. తాటాకు మీద గంటంతో గీసి మసి పూస్తే అక్షరం పైకి తేలుతుంది. జాడీ దగ్గర వ్యవహారం వేరు. రాత కింద, పూత పైన. గ్లేజు మరీ చిక్కనైతే గీతలు పూడిపోయి పద్యం పోతుంది. మరీ పలచనైతే మెరుపు రాదు. ఆ పాకం కుదిరింది గనకే ఈరోజు చదువుతున్నాం.

1857లో ఒక జాడీ మీద, తన బంధువులంతా ఎక్కడున్నారోనని అడిగాడు. అమ్మకాల్లో కుటుంబాలు చెల్లాచెదురైన కాలం అది. 1859లో చేసిన పెద్ద జాడీల్లో దాదాపు 150 లీటర్లు పడతాయి. యజమానుల ఇళ్లలో మాంసం, కొవ్వు నిల్వ చేసుకోవడానికి.

వీటిని చాలాకాలం 'క్రాఫ్ట్' అన్నారు. రాజు రాతి మీద చెక్కిస్తే సాహిత్య చరిత్రలో పాఠం పెట్టుకున్న మనం, బానిస కుండ మీద గీస్తే ఏ పాఠంలో పెడతాం? నేను మాత్రం దీన్ని కవిత్వం క్లాసులోనే చెబుతున్నాను.

1873లో జోతీరావు ఫూలే తన 'గులామ్‌గిరీ'ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ అంకితం గురించి వచ్చే భాగంలో.