చెడ్డపేరు – చదువు: జహీరాబాదు చెప్పే పాఠం

ఒకరినొకరు హేళన చేయరాదనీ, చెడ్డపేర్లతో పిలువరాదనీ దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు నిషేధిస్తున్నది. చెడ్డపేరు మనసును నొప్పించి ఊరుకోదు, చదువునూ కుంగదీస్తుంది. "ముస్లిం పిల్లలకు చదువబ్బదు" అనే మాట అటువంటిదే. ఆ మాట వెనుక ఉన్నది జాతి స్వభావం కాదు, భాషల చరిత్ర. జహీరాబాదు ఇందుకు మంచి నిదర్శనం.

1956 వరకు జహీరాబాదు తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడే జిల్లా అది. నిజాం కాలంలో కచేరీ భాష మాత్రం ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధనాభాష అదే. సంస్థాన ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారే అయినా, 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేశారు. నాటి తెలుగు బాలుడు బడిలో వెనుకబడితే, ఆ లోపం అతని బుద్ధిది కాదు.

1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత పరిస్థితి తలకిందులైంది. ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. 1956 నవంబరు 1న జహీరాబాదు మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. 1966 చట్టంతో తెలుగు అధికార భాష అయింది. ఒక్క తరంలోనే ఉర్దూ చదువుకు కొలువులో విలువ పోయింది. ఈ కష్టానికే లోకం "చదువబ్బకపోవడం" అని పేరు పెట్టింది.

లెక్కలు ఆ పేరును సమర్థించవు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ ముస్లింలలో అక్షరాస్యత 68 శాతం. రాష్ట్రం మొత్తం మీద 60.5 శాతం. పట్టణవాసం ఇందుకు కొంత కారణం కావచ్చు. అయినా "అబ్బదు" అనే మాట నిలువదు.

పేరుకున్న శక్తిని పరిశోధకులు పరీక్షించి చూశారు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాలలో 6, 7 తరగతుల బాలురకు చిక్కుదారుల బొమ్మలిచ్చి దారి కనుక్కోమన్నారు. కులం తెలియనప్పుడు అందరూ సమానంగా రాణించారు. కులం బయటికి చదివినప్పుడు నిమ్నకులాల బాలురు వెనుకబడ్డారు. బాలురలో తెలివి మారలేదు, మారినది పిలుపు ఒక్కటే. 2004లో వెలువడిన ఈ ఫలితం కులానికి సంబంధించినదైనా మతానికీ హెచ్చరికే.

నాడు తెలుగు బాలునికి, తరువాత ఉర్దూ బాలునికి జరిగిన అన్యాయం ఒక్కటే. హాజరుపట్టీలో పేరు చూచి తెలివిని అంచనా కట్టని ఉపాధ్యాయుడు ఆ అన్యాయాన్ని తన తరగతి గదిలో ఆపగలడు.