ప్రకృతి శాస్త్ర మ్యూజియాల కుడ్యచిత్రకళ

మ్యూజియంలో గాజు వెనక నిలబెట్టిన జింక చుట్టూ కనిపించే కొండలు, మబ్బులు, గడ్డిమైదానం ఒక చిత్రకారుడు గోడ మీద గీసినవి. కోట్ల ఏళ్ల కిందట అంతరించిన జంతువులు మేస్తూ, పోట్లాడుకుంటూ నిలువెత్తున కనిపించే పెద్ద గోడలు కూడా అలాంటివాళ్ల పనే. మొదటిది డయోరమా నేపథ్య చిత్రణ. రెండోది శిలాజాల ఆధారంగా ప్రాచీన జీవుల చిత్రణ. రెంటిలోనూ చిత్రకారుడు శాస్త్రజ్ఞుడికి జవాబు చెప్పుకోవాలి. ఆ కాలంలో లేని మొక్క ఒక్కటి మూలన మొలిచినా చెరిపేసి మళ్లీ గీయాల్సిందే. ఈ పనిలో జీవితం గడిపినవాళ్లలో చాలామంది పేర్లు, ఆ గోడల ముందు నిలబడి ఆశ్చర్యపోయిన లక్షలమందికి తెలియవు.

ఈ కళ మొదళ్లు అమెరికాలో 18వ శతాబ్దం చివర కనిపిస్తాయి. ఛార్లెస్ విల్సన్ పీల్ పేరున్న రూపచిత్రకారుడు. జార్జ్ వాషింగ్టన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మ గీసినవాడు. 1786లో ఫిలడెల్ఫియాలో తన మ్యూజియం తెరిచి, పక్షులను ఉంచిన పెట్టెల లోపలి గోడల మీద అవి తిరిగే చోట్లను తానే గీశాడు. ‘డయోరమా’ అన్న పేరు మాత్రం 1822లో పారిస్‌లో లూయీ డాగేర్ నడిపిన వెలుగునీడల ప్రదర్శన నుంచి వచ్చింది. ఇప్పుడు మనం చూసే రూపం 1890లో, జంతువుల చర్మాలను నింపి నిలబెట్టే కార్ల్ ఏక్లీ చేతుల్లో తయారైంది. మిల్వాకీ మ్యూజియంలో అతను మస్క్‌రాట్ అనే నీటి ఎలుకల కుటుంబాన్ని, వాటి గూటిని, చెరువు గట్టును, వెనక దృశ్యాన్ని ఒకే కూర్పులో కలిపాడు. మూడేళ్లకు, 1893లో, స్టాక్‌హోమ్‌లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు గుస్తావ్ కోల్ట్‌హాఫ్ ఒక భవనం మొత్తాన్నీ అలా కట్టించాడు. చూసేవాళ్లు మధ్యలో నిలబడితే చుట్టూ స్వీడన్ అడవులు, తీరాలు. ఆ నేపథ్యాల చిత్రణలో జంతుచిత్రకారుడు బ్రూనో లిల్యెఫోర్స్ పాలుపంచుకున్నాడు.

ఏక్లీ ఆ తర్వాత న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి చేరి, ఆఫ్రికా జంతువుల కోసం ఒక పెద్ద హాలు కట్టాలని పట్టుబట్టాడు. 1926లో చిత్రకారుడు విలియం లీ వెంట ఉండగా ఆఫ్రికా వెళ్లి, కాంగోలోని మికెనో పర్వతం మీద జబ్బుపడి చనిపోయాడు. అతన్ని ఆ వాలులోనే పాతిపెట్టారు. లీ పని ఆపలేదు. కొండగాలిలో అక్కడికక్కడే రంగుల నమూనాలు గీసుకుని వచ్చి, ఆ చోటునే గొరిల్లా డయోరమా వెనక గోడ మీదికి ఎత్తాడు. 1936లో ఏక్లీ పేరుతో ఆ హాలు తెరిచారు. గొరిల్లా గుండె బాదుకుంటున్న ఆ దృశ్యం ముందు నిలబడ్డవాళ్లు, తెలిసినా తెలియకపోయినా, ఏక్లీని పాతిపెట్టిన చోటికి దగ్గరి కొండసీమనే చూస్తున్నారు.

ఈ రంగంలో అందరికన్నా గొప్పవాడు జేమ్స్ పెరీ విల్సన్ అని ఈ వ్యాసకర్త నమ్మకం. 1889లో పుట్టిన విల్సన్ చదివింది వాస్తుశిల్పం. ఆర్థిక మాంద్యంలో భవనాల పని పోయాక, 1934లో న్యూయార్క్ మ్యూజియంలో చేరి 1957 దాకా పనిచేశాడు. డయోరమా వెనక గోడ చదునుగా ఉండదు. ఇనుప వల మీద గచ్చు పూసి, సగం కోసిన గుమ్మటంలా వంచుతారు. మూల కనబడితే చూసేవాడికి గది గుర్తొస్తుంది కాబట్టి ఈ వంపు తప్పదు. కానీ వంపు గోడ మీద గీసిన తిన్నని దిగంతరేఖ కుంగినట్టో లేచినట్టో కనబడుతుంది, చెట్లు పక్కకు ఒరుగుతాయి. పూర్వపు చిత్రకారులు దీన్ని కంటి అంచనాతో సర్దుకునేవారు. విల్సన్ లెక్క కట్టాడు. ఆ చోటికి వెళ్లి వరసగా ఫొటోలు తీసి, వాటి మీద గళ్లు గీసేవాడు. గాజు ముందు చూసేవాడి కన్ను ఎక్కడుంటుందో నిర్ణయించి, ఆ బిందువు నుంచి వంపు గోడ మీదికి అవే గళ్లను దింపేవాడు. దగ్గరగా చూస్తే ఆ గీతలు విల్లులా వంగి ఉంటాయి. నిలబడాల్సిన చోట నిలబడితే ప్రతి గడీ నిటారుగా సర్దుకుంటుంది.

ఆకాశాన్ని గీయడంలో కూడా ఇదే నిష్ఠ. నడినెత్తిన చిక్కగా ఉన్న నీలం దిగంతానికి దిగేకొద్దీ పలచబడుతుంది, సూర్యుడున్న వైపు వెచ్చనవుతుంది. ఆ మార్పును మెట్టుమెట్టుగా కలుపుకున్న రంగులతో, కుంచె జాడ తెలియకుండా పరిచేవాడు. తోడేళ్ల డయోరమాలో మంచు మీద వెన్నెల నీలంగా పరుచుకుని, ఉత్తరాన ధ్రువకాంతి ఆడుతూ ఉంటే, రెండు తోడేళ్లు మన వైపే పరుగెత్తుకొస్తుంటాయి. ఆ చీకట్లో ఎంతసేపు వెతికినా ముందున్న అసలు మంచు ఎక్కడ ఆగిందో, రంగు మంచు ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం. తన చేయి కనబడటమే చిత్రకారుడి గొప్ప అనుకునే ఆ శతాబ్దంలో, విల్సన్ దాన్ని మాయం చేయడానికి జీవితమంతా వెచ్చించాడు.

ఆ మ్యూజియంలోనే ఫ్రాన్సిస్ లీ జాక్స్ ఉండేవాడు. రైలింజన్‌లో బొగ్గు వేసిన మనిషి, ఎగిరే పక్షుల్ని గీయడంలో అతనికి సాటి లేరు. కార్ల్ రంగియస్ అక్కడే అలాస్కా మూస్ అనే భారీ జింకల వెనక గోడను గీశాడు.

రెండో శాఖకు, అంటే ప్రాచీన జీవుల చిత్రణకు, ఆద్యుడు ఛార్లెస్ నైట్ అనవచ్చు. 1874లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ చూపు మందం, పైగా ఆటలో తగిలిన రాయితో కుడి కన్ను దెబ్బతింది. చట్టం లెక్కన అంధుడు. అయినా జంతుప్రదర్శనశాలల్లో గంటలు గడిపి, చచ్చిన జంతువుల కండరాలు కోసి చూసి నేర్చుకున్నాడు. 1894లో శిలాజ శాస్త్రజ్ఞుడు జేకబ్ వోర్ట్‌మన్ అడిగితే పంది లాంటి ఒక శిలాజ జంతువుకు బొమ్మ గీయడంతో ఈ దారి మొదలైంది. అతను ముందు చిన్న మట్టి బొమ్మ చేసి, నీడ ఎటు పడుతుందో చూసుకుని, ఆ తర్వాత కాగితం ముట్టేవాడు. పెద్ద గోడలు దూరం నుంచి అతనికి కనబడవు కనుక చిన్న చిత్రం గీసిస్తే, సహాయకులు దాన్ని పెంచి గోడకెక్కించేవారు. చివరి మెరుగులు తనే దిద్దేవాడు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియానికి 1926 నుంచి 28 కుడ్యచిత్రాలు చేశాడు. టైరనోసారస్, ట్రైసెరటాప్స్ ఎదురెదురుగా నిలిచిన చిత్రం వాటిలోదే. ఆ తర్వాత వచ్చిన ఎన్నో పుస్తకాలూ సినిమాలూ డైనోసార్‌ను అతని కళ్లతోనే చూశాయి.

యేల్ విశ్వవిద్యాలయంలోని పీబడీ మ్యూజియంలో ఉన్న ‘సరీసృపాల యుగం’ ఈ కళలో అతి పెద్ద సాహసాల్లో ఒకటి. దాన్ని గీసిన రుడాల్ఫ్ జాలింగర్ 1919లో సైబీరియాలోని ఇర్కుట్స్క్‌లో పుట్టి, అమెరికాలో పెరిగాడు. కళల విద్యార్థిగా మ్యూజియం డైరెక్టర్ ఆల్బర్ట్ పార్ కోసం సముద్రపు నాచుల బొమ్మలు వేస్తుండగా ఈ గోడ అతని చేతికొచ్చింది. విడివిడి చిత్రాలకు బదులు 110 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తున ఒకే దృశ్యం గీద్దామన్నాడు. ఒక యుగం ముగిసి ఇంకోటి మొదలయ్యేచోట పెద్ద చెట్టును నిలిపి గడప చేశాడు. కాలం కుడి నుంచి ఎడమకు, దాదాపు 30 కోట్ల ఏళ్లు నడుస్తుంది. రంగు వేసింది ఆరిన గచ్చు మీద. అజంతాలో మనవాళ్లు పాటించింది కూడా పొడి గచ్చు పద్ధతే. 1943లో మొదలైన పని 1947లో ముగిసింది.

ఇందులో నొప్పి ఏమిటంటే, శాస్త్రం ఆగదు. జాలింగర్ డైనోసార్లు అప్పటి నమ్మకం ప్రకారం బరువుగా, తోకలు నేల మీద ఈడుస్తూ నడుస్తాయి. 1953లో లైఫ్ పత్రిక ఆ చిత్రాన్ని ఇంటింటికీ చేర్చింది. దాన్ని చిన్నప్పుడు చూసి డైనోసార్ల మీద ప్రేమ పెంచుకున్న రాబర్ట్ బ్యాకర్ యేల్‌లో జాన్ ఆస్ట్రమ్ శిష్యుడయ్యాడు. పీబడీలోనే పనిచేసిన ఆస్ట్రమ్ 1969లో డైనోనికస్ అనే చురుకైన వేటాడే డైనోసార్‌ను వర్ణించాడు. ఆ గురుశిష్యులే, డైనోసార్లు మందకొడి జీవులు కావని వాదించి పాత బొమ్మను తిరగరాశారు. విచిత్రం ఏమిటంటే నైట్ 1897లోనే రెండు డైనోసార్లు గాల్లోకి దూకి కలబడుతున్నట్టు గీశాడు. మధ్యలో ఆ చురుకును అందరూ మరిచిపోయారు.

ఈ పనికీ మన గడ్డకూ సంబంధం ఉంది. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌కు 1988లో శాస్త్రజ్ఞుడు యాదగిరి పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. తల భాగంలో రెండు పళ్లు తప్ప పుర్రె దొరకలేదు. తల లేని ఆ జంతువుకు మొహం గీయాలంటే, దాని దగ్గరి చుట్టాల పుర్రెలు చూసి, కండ ఎక్కడ అతుక్కుంటుందో ఊహించి గీయాలి. వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌కు కుడ్యచిత్రాలు చేసిన జే మ్యాటర్నెస్ సరిగ్గా ఈ క్రమంలోనే పనిచేసేవాడు. ముందు ఎముకలు, తర్వాత కండరాలు, చివరికి చర్మం.

పాతబడిన గోడలను ఏం చేయాలన్నది ఇప్పటి ప్రశ్న. న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా క్షీరదాల హాలును మ్యూజియం చిత్రకారుడు స్టీఫెన్ క్విన్ ఆధ్వర్యంలో బాగుచేసి 2012లో తెరిచారు. దీపాల వెలుగుకు వెలిసిన జంతువుల బొచ్చుకు మళ్లీ రంగు ఎక్కించారు. పీబడీ మ్యూజియం కూడా మరమ్మతు తర్వాత 2024లో తలుపులు తెరిచింది. అక్కడ బ్రాంటోసారస్ అస్థిపంజరాన్ని విప్పి, తోక నేలకు తగలకుండా గాల్లోకి ఎత్తి కొత్తగా బిగించారు. దాని వెనక గోడ మీద జాలింగర్ గీసిన చిత్రాన్ని మాత్రం అలాగే ఉంచారు.