పొగగొట్టం ఎందుకు మ్రోగును?

కారంపూడి అనగానే పల్నాటి యుద్ధమూ, నాగులేరూ గుర్తుకు వచ్చును. ఈ వ్యాసానికి కావలసినది మాత్రం అక్కడి వంటపొయ్యి. పల్నాటిలో పత్తి కట్టె, మిరప కట్టె వంటచెరకు. ఎండినవైతే భగ్గున మండును. మూసిన పొయ్యికి గొట్టం అమర్చి ఇటువంటి కట్టె వేసినచో ఒక్కొక్కప్పుడు గొట్టం ‘బూఁ’ అని మ్రోగును.

తెలుగుదేశానికి పొగగొట్టపు పొయ్యి కొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టరు ఎస్. పి. రాజు పొగలేని మట్టిపొయ్యిని రూపొందించినాడు; దానిపై ఆయన పుస్తకం 1953లో మద్రాసులో వెలువడినది. మ్రోత కథ అంతకంటె పాతది.

1777లో బ్రయాన్ హిగ్గిన్స్ ఉదజని మంటపై గాజుగొట్టం ఉంచగా అది పాడినది. మంటలో పుట్టిన నీటియావిరి చల్లబడుటయే కారణమని కొందరు తలచినారు. 1818లో ఫారడే కార్బన్ మోనాక్సైడును మండించి చూచినాడు. అది మండునప్పుడు నీరు పుట్టదు. అయినను గొట్టం మ్రోగినది! ఒక్క ప్రయోగంతో ఆవిరి వాదం వీగిపోయినది. 1859లో లైడెన్ నగరంలో రైక్ మంట కూడ అక్కరలేదని చూపినాడు. నిలువు గొట్టం అడుగుభాగాన ఇనుపవల నుంచి, ఎర్రగా కాల్చి, మంట తీసివేసినంతనే గొట్టం మ్రోగినది. అడ్డంగా పరుండబెట్టగా ఆగిపోయినది. గాలి పైకి సాగుటయే కీలకము.

రహస్యం విప్పినవాడు రేలీ, 1878లో. గొట్టంలోని గాలి నొక్కుకొనుచు, విడుచు ఊగుచుండును. నొక్కుకొన్న క్షణాననే వేడి అందినచో ఊపు పెరుగును. అట్లతద్దినాటి ఉయ్యాలను అదను చూచి నెట్టినట్లే. అదను తప్పినచో ఊపు చచ్చును.

విద్యార్థులు లెక్క వేయవచ్చును. రెండు కొనలు తెరచిన 2 మీటర్ల గొట్టంలో తరంగదైర్ఘ్యము 4 మీటర్లు. 150 డిగ్రీల సెంటిగ్రేడు గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 410 మీటర్లు. కనుక కంపనాలు సెకనుకు నూటికి కొంచెం పైన. పొయ్యి వైపు కొన పూర్తిగా తెరచియుండదు కనుక ఇది ఉజ్జాయింపే. పొయ్యి నోరు కొంత మూయగా మ్రోత ఆగినచో భయం లేదు.

రేకుగొట్టం ‘టిక్కు టిక్కు’ మనుట వ్యాకోచము: 100 డిగ్రీలు వేడెక్కిన 2 మీటర్ల ఇనుము 2.4 మిల్లీమీటర్లు సాగును. గొట్టం ఎడతెగక గర్జించి, అదరి, పైకొన నుండి నిప్పురవ్వలు చిమ్మినచో మాత్రం లోపలి మసి అంటుకొన్నదని అర్థము. పచ్చికట్టె పొగ జిగురుమసిగా పేరుకొనును. అప్పుడు పొయ్యి నోరు మూసి, ఇంటివారందరు బయటకు పోయి, అగ్నిమాపక దళమును పిలువవలెను. ప్రక్కన గడ్డికప్పు ఉన్నచో మరింత త్వరగా. గొట్టంలో నీరు పోయరాదు, అది పగులును.

మ్రోగే గొట్టం మూగవోయి పొగ గదిలోకి తిరిగివచ్చుట కూడ ఉపేక్షింపరానిది. గొట్టం పూడినదన్న మాట. నిప్పులు కనకనలాడుచుండగా గదిలో చేరునది ఆనాడు ఫారడే గొట్టంలో పాడిన కార్బన్ మోనాక్సైడే. దానికి వాసన లేదు.