పసుపు తాడు – పచ్చ కార్డు

మాది సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్న తెలుగు. ఫిజీ దీవుల్లో మా నాయనమ్మ మాట్లాడిన తెలుగు మూడో తరమైన మా దగ్గరకు వచ్చేసరికి ఫిజీ హిందీ అయిపోయింది. ముప్పై యేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పిన మేము, డబ్లిన్‌లో మళ్లీ అ, ఆలు దిద్దాము. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి.

దంపతులు ఒకచోట కాపురముండడానికి ప్రభుత్వపు అనుమతి కావలసిరావడం మన వలస కుటుంబాలకు కొత్త కాదు. ఆ కథే ఇక్కడ చెప్పదలచాము.

1879 నుంచి 1916 వరకు అరవై వేలకు పైగా భారతీయులు గిరిమిట్ ఒప్పందం మీద ఫిజీ చెరకు తోటలకు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరాయి. నూరుగురు మగవారికి నలభై మంది ఆడవారు ఉండాలన్నది నియమం. ప్రతి ఒక్కరికీ ఒక పాసు. అందులో ఊరు, కులం, వయసుతోపాటు పెళ్లి వివరానికి కూడా చోటుండేది. మా నాయనమ్మ పాసులో ఆ గడి ఖాళీ. తోటలోని కూలీ లైన్లలో తాతయ్య ఆమె మెడలో పసుపు తాడు కట్టాడు. అయితే రిజిస్టరు చేయించని హిందూ వివాహం నాటి చట్టం లెక్కలో వివాహమే కాదు. కాగితం మీద వారిద్దరూ రెండు నంబర్లు, అంతే!

అదే కాలంలో అమెరికాలో సంగతి చూడండి. 1917 చట్టం భారతీయ కూలీలు, రైతులు రాకుండా తలుపు మూసింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. పౌరసత్వానికి అర్హత లేనివారు స్థిరపడడానికి రాకూడదని 1924 చట్టం శాసించింది. అంతకుముందే, 1922 చట్టం ప్రకారం అటువంటివాణ్ణి పెళ్లాడిన అమెరికా స్త్రీకి తన పౌరసత్వమే పోయేది. తారక్‌నాథ్ దాస్ అనే బెంగాలీ పండితుణ్ణి పెళ్లాడిన మేరీ దాస్ ఆ విధంగా పుట్టిన దేశంలోనే పరాయిదైంది. 1931లో గాని ఆ నియమం తొలగలేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఎరుగని తెలుగువారు ఉండరు. 1919లో శేషగిరిగారిని వివాహమాడి, 1920ల తొలినాళ్లలో చదువుకోసం బోస్టన్ చేరారు. హార్వర్డులోను, తరువాత లెడర్లీ సంస్థలోను ఆయన చేసిన కృషి ఎందరికో ప్రాణం పోసింది. కాని ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు. చట్టం ఒక్కటే కారణమని మేము అనము. అప్పులు, పరిశోధన, దూరం అన్నీ ఉన్నాయి. అయినా, భార్యను పిలిపించుకుని ఇక్కడే స్థిరపడదామంటే ఆయనకు దారి ఏది? 1946లో లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వపు అర్హతను, ఏడాదికి 100 మంది కోటాను ఇచ్చింది. 1948లో ఆయన కన్నుమూశారు.

1952 చట్టం పౌరుల భార్యాభర్తలను కోటా నుంచి తప్పించింది. 1965 చట్టం దేశాలవారీ పాత వివక్షను తీసివేసి, కుటుంబాలు కలవడానికి పెద్దపీట వేసింది. మన కుటుంబాల్లో ఎన్నో ఆ ద్వారం గుండా వచ్చినవే.

మేము కూడా అలా వచ్చినవాళ్లమే. మా శ్రీమతి తల్లిదండ్రులతో 1986లో గ్రీన్ కార్డు మీద కాలిఫోర్నియా వచ్చింది. 1987లో ఫిజీలో రెండుసార్లు సైనిక తిరుగుబాటు జరిగి మనవాళ్లు భయంతో వలసపోతున్న రోజులవి. 1988లో నాందీలో మా వివాహం జరిగింది. ఆమె తిరిగి వచ్చి మాకోసం పిటిషన్ వేసింది. పౌరుల భాగస్వాములకు సంఖ్యా పరిమితి లేదు. గ్రీన్ కార్డుదారుల భాగస్వాములకు ఉంది. కాబట్టి మేము వరుసలో నిలబడ్డాము. పైగా మా ఇంటిపేరు జనన పత్రంలో ఒకలా, వివాహ పత్రంలో ఒకలా ఉందని ఒక కార్యాలయం మా కాగితాలు తిప్పి పంపింది. తాతగారి పేరును రేవులో గుమాస్తా తనకు తోచినట్లు రాసిన ఫలితం మనుమడు అనుభవించాడు!

చివరకు మా శ్రీమతి పౌరసత్వం తీసుకున్నాకే దారి సుగమమైంది. 1992లో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాము. ఆరు నెలల పసికందుగా ఒకసారి చూసిన కూతురు, మూడేళ్ల పిల్లై, మమ్మల్ని చూసి తల్లి చీర చెంగు చాటున దాక్కుంది. ఆ క్షణం మాత్రం ఈనాటికీ మరువలేము.

నేటి పిల్లలకు నాలుగు మాటలు. ఐ-130 ఫారం బంధుత్వాన్ని రుజువు చేస్తుంది, కార్డు ఇవ్వదు. విదేశంలో ఉన్నవారు కాన్సులేటులో ఇంటర్వ్యూకు వెళ్లాలి. స్పాన్సర్ చేసేవారు పేదరికపు రేఖకు 125 శాతం ఆదాయం చూపి పూచీ పడాలి. 1996 చట్టం దాన్ని కోర్టులో చెల్లే పూచీగా చేసింది. విడాకులైనా అది తీరదు. కార్డు వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, 1986 చట్టం ప్రకారం రెండేళ్ల షరతు కార్డే ఇస్తారు. దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. ఎదురుచూపుల పుణ్యమా అని మాకు ఆ షరతు తప్పింది.

ఇంకొక ముఖ్య విషయం. కార్డు ఆశచూపి కొడితే పడి ఉండనక్కరలేదు. 1994 చట్టం ప్రకారం, పౌరుడో గ్రీన్ కార్డుదారో అయిన భర్త హింసిస్తే భార్య తన పిటిషన్ తానే వేసుకోవచ్చు. అటువంటి భర్తకు కూడా ఇదే హక్కు. మన అమ్మాయిలకు ఈ సంగతి తెలియాలి.

మన డబ్లిన్ పేరు ఐర్లండు వలస కుటుంబాల గుర్తు. 1859లో వారు కట్టుకున్న సెయింట్ రేమండ్ చర్చి నేటికీ నిలిచి ఉంది. మనం కూడా కొన్ని గుర్తులు నిలుపుకుందాం. పెళ్లి రిజిస్టరు చేయించండి. అన్ని కాగితాల్లో పేరు ఒకేలా రాయించండి. పెద్దల పాసులు, పత్రాలు భద్రపరచండి. కొత్తగా దిగిన కోడలో అల్లుడో కార్డు కోసం ఎదురుచూస్తుంటే, ఒక పూట భోజనానికి పిలవండి.

మా నాయనమ్మ పాసు ఇప్పుడు మా ఇంట్లో పటం కట్టి ఉంది. ఆ ఖాళీ గడి కింద, నేర్చుకున్న తెలుగులో, తాతయ్య పేరు మేమే రాసిపెట్టాము.

స్వస్తి.