ఇనుపదారి, పులిదారి

కాజీపేట కూడలిలో ఉత్తరమునకు పోవు బండి నెక్కిన ప్రయాణికుడు తాను పోవు దారి వయస్సును గూర్చి తలంపడు. మద్రాసు నుండి ఢిల్లీకి సూటియైన రైలుమార్గము 1929లో కాజీపేట–బల్హార్షా భాగము పూర్తియైన పిమ్మటనే ఏర్పడినది. దేశపు రెండు కొసలు కలిసిన ఆ యేడే, ఓరుగల్లుకు ఉత్తరమున గల మహారణ్యము రెండుగా చీలుటకు ఆరంభమైనది. చరిత్ర గ్రంథములు మొదటి సంగతిని మాత్రమే చెప్పును.

రైలుపట్టా యొక్కటే పులి నాపజాలదు. పట్టా వెంట స్టేషనులు, వాని చుట్టు ఊళ్లు వెలసినవి. మంచిర్యాల పెరిగినది. బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుగనులు విస్తరించినవి. కాగితపు మిల్లు వచ్చి కొత్తపేట యను పల్లెను కాగజ్‌నగరుగా మార్చినది. పిదప రహదారులు, కాలువలు, ప్రత్తిచేలు. నేడు పట్టాకు పడమట కవ్వాల అడవియు, తూర్పున ప్రాణహిత యొడ్డు అడవులును మిగిలినవి. నడుమ నున్నవి సన్నని పాయలు.

ఇందువలన కలుగు హాని కంటికి వెంటనే కనబడదు. ప్రతి ప్రాణియు తల్లి నుండి యొకటి, తండ్రి నుండి యొకటి చొప్పున ప్రతి లక్షణమునకు రెండు ప్రతులను పొందును. ఒకటి చెడినను రెండవది కాపాడును. కొద్దిపాటి జంతువులు ఒకేచోట చిక్కి, తరతరములు తమలో తామే జతకట్టినచో చెడిన ప్రతులు రెండును ఒక్క పిల్లలో కలియును. మేనరికము మన యిండ్లలో వాడుకయే గనుక ఈ మాట కొందరు శ్రోతలకు రుచింపకపోవచ్చును! అమెరికాలోని ఫ్లారిడా ప్యూమాలు అట్లే ముప్పదికి మించని సంఖ్యకు దిగి, వంకర తోకలతోను గుండె లోపములతోను పుట్టసాగినవి. 1995లో టెక్సాసు నుండి 8 ఆడ ప్యూమాలను తెచ్చి విడిచిన పిమ్మట గాని వాని సంతతి తేరుకొనలేదు. మన పొరుగున ఒడిషాలోని సిమిలీపాల్ అడవిలో చారలు వెడల్పై, ఒంటికి ఒంటి నల్లబడిన పులులున్నవి. విడిపడిన చిన్న సంతతిలో ఒక జన్యువు మార్పు ప్రబలుటయే కారణమని 2021లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు తేల్చిరి. చూచువారికి అది వింత. అడవికి అది హెచ్చరిక.

కవ్వాలను 2012లో పులుల రక్షితవనముగా ప్రకటించిరి. కాని అచ్చటికి పులి ఉత్తరమున తాడోబా నుండి రావలసియున్నది. వచ్చిన పులులు కాగజ్‌నగరు వరకు వచ్చి, అచ్చటనే పిల్లలను కన్నవి. పట్టా దాటి కవ్వాలలో స్థిరపడినవి అరుదు. 2024 జనవరిలో ఆ కాగజ్‌నగరు అడవిలోనే రెండు పులులు చచ్చిపడియుండెను. ఇక మన ఏటూరునాగారము, పాకాల అడవులు 1950ల ఆరంభముననే అభయారణ్యములైనవి. గణపతిదేవుని కాలపు పాకాల చెరువు గట్టున నిలిచి చూచినచో, ఈ రెంటి నడుమ నేడు ఎన్ని చేలో! గోదావరి దాటి వచ్చు పులి యేదైన ఉన్నచో, ఆ చేల మీదుగానే రావలెను.

ఉపాయము లేకపోలేదు. నాగపూరు నుండి ఆదిలాబాదు మీదుగా మన వైపు వచ్చు 44వ జాతీయ రహదారినే పెంచ్ అడవి వద్ద స్తంభములపై కెత్తి, క్రింద జంతువులకు దారి విడిచిరి. వానిలో ఒక దారి వెడల్పు 750 మీటర్లు. పులులు, రేచుకుక్కలు, దుప్పులు దాని క్రింద నడచుట 2019లో కెమెరాలకు చిక్కినది. కాజీపేట–బల్హార్షా మార్గమున ఇప్పుడు మూడవ పట్టా వంతు వచ్చినది. ఈ మారు మాత్రము, జంతువులు ఎక్కడ దాటవలెనను ప్రశ్న ఇంజనీర్ల బల్లమీదికి చేరినది.