Visakhapatnam: ఆఫీస్ పని మీద ఫ్లైట్ ఎక్కాలా.. ట్రైన్ ఎక్కాలా? ఎవరికి ఏ క్లాస్? రూల్స్ ఇవే..

ఢిల్లీలో మీటింగ్.. మూడు రోజులే టైమ్. వైజాగ్ నుంచి ఫ్లైట్ టికెట్ రేటు చూస్తే గుండె గుభేల్. ఎలాగోలా వెళ్లొచ్చి బిల్లు పెడితే, ‘ఈ క్లాస్ మీ గ్రేడ్‌కు వర్తించదు’ అంటూ అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫైల్ వెనక్కి! పోర్టు, స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, రిఫైనరీ ఉన్న విశాఖలో ఉద్యోగుల టూర్లకు కొదవ లేదు. అందుకే ఎవరు ఏ క్లాస్‌లో వెళ్లాలి, ఏ రేటుకు టికెట్ కొనాలి అనేది ముందే రాసిపెట్టుకోవాలి. దాన్నే ట్రావెల్ పాలసీ అంటారు.

కేంద్ర ఉద్యోగులకు ఏ క్లాస్?

దేశంలో చాలా సంస్థలు కొలమానంగా చూసేది కేంద్ర ప్రభుత్వ నిబంధనలనే. ఏడో వేతన సంఘం సిఫార్సుల తర్వాత 2017 జూలైలో కేంద్ర ఆర్థిక శాఖ వీటిని సవరించింది. టూర్లకు అర్హత పే లెవెల్‌ను బట్టి ఉంటుంది.

* లెవెల్ 14, ఆపైన: విమానంలో బిజినెస్ క్లాస్ లేదా రైల్లో ఫస్ట్ ఏసీ
* లెవెల్ 12, 13: విమానంలో ఎకానమీ లేదా ఫస్ట్ ఏసీ
* లెవెల్ 6 నుంచి 11: విమానంలో ఎకానమీ లేదా సెకండ్ ఏసీ
* లెవెల్ 5, అంతకంటే కింద: రైల్లో ఫస్ట్ క్లాస్, థర్డ్ ఏసీ లేదా ఏసీ చైర్ కార్

విమానంలో ఫస్ట్ క్లాస్ బుకింగ్‌లు వద్దని పొదుపు చర్యల్లో భాగంగా 2014లోనే కేంద్రం ఆదేశించింది. ప్రభుత్వ రంగ సంస్థలు, ప్రైవేటు కంపెనీలు మాత్రం తమ గ్రేడ్లను బట్టి సొంతంగా రూల్స్ పెట్టుకుంటాయి.

క్లాస్ ఒక్కటే కాదు.. రేటూ ముఖ్యమే!

ఎకానమీకి అర్హత ఉంది కదా అని ఏ రేటుకైనా కొనేస్తామంటే కుదరదు. 2022 జూన్ 16న ఆర్థిక శాఖ ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం.. అర్హత ఉన్న క్లాస్‌లో, ఎంచుకున్న టైమ్ స్లాట్‌లో దొరికే అతి తక్కువ రేటు టికెట్‌నే తీసుకోవాలి. వీలైతే 21 రోజుల ముందే బుక్ చేయాలి. టూర్‌కు ఆమోదం ఇంకా ఫైల్‌లో ఉన్నా టికెట్ తీసుకోవచ్చు. ఒక ప్రయాణానికి ఒకటే టికెట్. ‘ఎందుకైనా మంచిది’ అని రెండోది పట్టుకోవడం కుదరదు. 72 గంటల లోపు బుక్ చేసినా, 24 గంటల లోపు రద్దు చేసినా ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. బుకింగ్ కూడా బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ.. ఈ మూడింటి ద్వారానే.

చౌక టికెట్ అన్నిసార్లూ చౌకేనా?

ఇక్కడే చాలా కంపెనీలు దెబ్బతింటాయి. ఉదాహరణకు మామూలు టికెట్ రూ.6,000, డేట్ మార్చుకునే వీలున్న ఫ్లెక్సీ టికెట్ రూ.7,200 అనుకుందాం. ప్లాన్ మారితే మామూలు టికెట్‌లో రూ.4,000 పోతుంది, ఫ్లెక్సీలో ఏమీ పోదు అనుకుందాం. పది ప్రయాణాలకు ఫ్లెక్సీ కోసం అదనంగా పెట్టేది రూ.12,000. పదిలో మూడు ప్లాన్లు మారితే మామూలు టికెట్లపై నష్టమూ రూ.12,000. అంటే మూడు కంటే ఎక్కువసార్లు మారే టీమ్‌కు ఫ్లెక్సీయే లాభం. డేట్ ఖాయమైన ట్రైనింగ్‌కు చౌక టికెట్, నౌక రాకను బట్టి మారే పనికి ఫ్లెక్సీ.. ఇలా విడదీసి రాసుకుంటే డబ్బు మిగులుతుంది.

ప్లాంట్‌లో బ్రేక్‌డౌన్ 21 రోజుల ముందు చెప్పి రాదు. అర్ధరాత్రి ఫోన్ వస్తే ఇంజినీర్ ఉన్నపళంగా బయల్దేరాలి. అలాంటప్పుడు ఫోన్‌లోనే అనుమతి ఇచ్చే అధికారి ఎవరో పాలసీలో ఉండాలి. లేకపోతే జేబులోంచి పెట్టిన డబ్బు కోసం ఆ ఉద్యోగి నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. చిన్న గ్రేడ్ టెక్నీషియన్‌కు విమాన అర్హత లేకపోయినా, అత్యవసర పని మీద వెళ్లేటప్పుడు మినహాయింపు ఉండాలి. రాత్రంతా రైల్లో కూర్చుని దిగగానే మెషీన్ ముందు నిలబడమంటే పనికీ, మనిషికీ మంచిది కాదు.

హైదరాబాద్‌కు ఏది మేలు?

విశాఖ–సికింద్రాబాద్ వందేభారత్ 2023 జనవరి 15న మొదలైంది. ప్రయాణం దాదాపు ఎనిమిదిన్నర గంటలు. విమానంలో గంటన్నర లోపే. కానీ ఎయిర్‌పోర్టుకు ముందే చేరడం, శంషాబాద్ నుంచి సిటీలోకి రావడం, క్యాబ్ ఖర్చు.. ఇవన్నీ కలిపి చూడాలి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్, పైగా హోటల్ ఖర్చు మిగులుతుంది. విశాఖ విమానాలు భోగాపురం నుంచి నడిస్తే దూరం పెరుగుతుంది కాబట్టి క్యాబ్ ఖర్చునూ పాలసీలో మళ్లీ లెక్కేయాల్సిందే.

జీఎస్టీ మర్చిపోవద్దు..

ఎకానమీ టికెట్‌పై జీఎస్టీ 5 శాతం. బిజినెస్ వంటి పై క్లాసులపై 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాస్తా 18 శాతమైంది. బుకింగ్ సమయంలో కంపెనీ జీఎస్టీ నంబర్ ఇస్తేనే ఆ పన్నును క్రెడిట్‌గా తీసుకునే వీలు. సొంత యాప్‌లో సొంత పేరుతో కొంటే అది పోయినట్టే. టికెట్ రద్దయినా, వాడకపోయినా యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి చార్జీలు, పన్నులు వెనక్కి ఇవ్వాలని డీజీసీఏ నిబంధన ఉంది. నాన్ రిఫండబుల్ టికెట్‌కూ ఇది వర్తిస్తుంది. అడగకుండా వదిలేస్తే కంపెనీకే నష్టం.

టూర్‌కు ముందు ఇవి చూసుకోండి: మీ గ్రేడ్‌కు ఏ క్లాస్, రేటు పరిమితి ఎంత, మినహాయింపు ఇచ్చేది ఎవరు, రద్దయితే చార్జీలు ఎవరు భరిస్తారు. బుక్ చేసేటప్పుడు మిగతా ఫ్లైట్ల రేట్లు కనిపించేలా ఒక స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. రేపు బిల్లుపై ప్రశ్న వస్తే అదే మీ సాక్ష్యం.